అప్పు వద్దు, ఆగస్టూ వద్దు

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకు 88 వేలు చేతికి వస్తాయి. అద్దె, ఇంటికి పంపే 12 వేలతో కలిపి ఖర్చులు 48 వేలు. సిప్‌లకు, అంటే మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే మదుపుకు, 15 వేలు. సేవింగ్స్ ఖాతాలో 3.6 లక్షలున్నాయి. ఇంజినీరింగులో నాతో చదివిన వాళ్లలో ఒకరు జర్మనీలోని లైప్‌జిగ్‌లో, ఒకరు వియన్నాలో స్థిరపడ్డారు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాను, సంగీతమంటే ప్రాణం. ఈ ఆగస్టులో ఇక్కడి నుంచి ముగ్గురం వెళ్లి, కచేరీలు వింటూ, కొత్త వంటలు తింటూ వాళ్లతో గడపాలని ఉంది. పదహారు రోజుల్లో ఏడు నగరాలు తిప్పే ప్యాకేజీకి మనిషికి 4.75 లక్షలు అడుగుతున్నారు. 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోనా? సిప్‌లు ఆపేయనా? సరదాకు ఇంత ఖర్చు పెట్టడం తప్పంటారా?

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. తప్పు కాదు. నెలనెలా మదుపు చేస్తూ, ఇంటికి డబ్బు పంపుతూ, అప్పు లేకుండా ఉన్న మనిషి తన సంపాదనతో సంగీతం వినడానికి వెళ్తానంటే వద్దనడానికి నేనెవరిని? నా అభ్యంతరాలు మూడు: అప్పు, ఆగస్టు, ఆ ఏడు నగరాలు.

ముందు అప్పు సంగతి. 3 లక్షలు 14 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 14,400 కట్టాలి. మొత్తం మీద వడ్డీ 45 వేలు దాటుతుంది. ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్టీ అదనం. యూరోను 110 రూపాయలుగా లెక్కిస్తే ఆ వడ్డీ 400 యూరోలకు పైమాటే. మీ ప్రయాణం మొత్తంలో కచేరీలకు నేను కేటాయించబోయేది అందులో సగం. అంటే మీరు వినే సంగీతానికి రెట్టింపు సొమ్ము బ్యాంకు తింటుందన్నమాట. సిప్‌లు ఆపడమూ వద్దు. ఆపనక్కర్లేదని కింద లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక ఆగస్టు. మీరు సంగీతం కోసమే వెళ్తున్నారు కాబట్టి ఇది డబ్బుకు మించిన విషయం. పాటలతో సాగే నాటకాలు ఆడే వియన్నా స్టేట్ ఒపేరా సెప్టెంబరు నుంచి జూన్ దాకా నడుస్తుంది, జూలై, ఆగస్టుల్లో తలుపులు మూసి ఉంటాయి. పెద్ద ఆర్కెస్ట్రాలు చాలావరకు ఆ రోజుల్లో సెలవులోనో, వేసవి ఉత్సవాలకు ఊరు విడిచో ఉంటాయి. అదే సమయంలో యూరప్ జనమంతా సెలవుల మీద కదులుతారు కనుక గదులూ రైలు టికెట్లూ ప్రియం. వినడానికి తక్కువ, చెల్లించడానికి ఎక్కువ ఉన్న నెల అది. పైగా మీరు వీసా అపాయింట్‌మెంట్ కోసం ఇప్పటి నుంచే పరుగులు పెట్టాలి.

వచ్చే ఏడాది జూన్‌కు మార్చుకోండి. జూన్‌లో ఒపేరా సీజన్ ఇంకా సాగుతుంటుంది. లైప్‌జిగ్‌లో స్వరకర్త బాఖ్ పేరిట జరిగే ఉత్సవం ఆ నెలలోనే. 1723 నుంచి చనిపోయిన 1750 దాకా ఆయన అక్కడి సెయింట్ థామస్ చర్చిలో సంగీత బాధ్యతలు చూశాడు. ఆ చర్చి బాలుర బృందం ఇప్పటికీ శుక్ర, శనివారాల్లో పాడుతుంది, ప్రవేశానికి కొద్ది యూరోలు చాలు. వాళ్లు పర్యటనలోనో సెలవులోనో లేరని మాత్రం ముందే చూసుకోండి. జూన్ 21న ఫ్రాన్స్ 1982లో మొదలుపెట్టిన సంగీత దినోత్సవం ఉంది. ఆ రోజు వాయించేవాళ్లంతా వీధుల్లోకి వస్తారు, టికెట్ ఉండదు. బెర్లిన్ 1995 నుంచి దాన్ని జరుపుకుంటోంది. వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా షోన్‌బ్రున్ రాజప్రాసాదపు తోటలో ఏటా ఒక వేసవి రాత్రి ఉచితంగా కచేరీ చేస్తుంది, సాధారణంగా అదీ జూన్‌లోనే. తేదీలు ప్రకటించాక మీ ప్రయాణాన్ని వాటి చుట్టూ అల్లుకోండి.

ఉచితం కానివి కూడా మీరు భయపడేంత ఖరీదు కావు. వియన్నా ఒపేరాలో నాలుగు వందలకు పైగా నిలబడి చూసే చోట్లున్నాయి, టికెట్ 20 యూరోల లోపే. ఆనాటి ప్రదర్శనకు ఆనాడే అమ్ముతారు. లోపలికి వెళ్లగానే మీ చోటు దగ్గరి కమ్మీకి ఒక కండువా కట్టేస్తే ఆ చోటు మీదే. ఇక కాఫీకి వెళ్లి వచ్చినా ఎవరూ ఆక్రమించరు. ఎదురుగా చిన్న తెర మీద పాటల అర్థం కనిపిస్తుంటుంది. మన సభల్లో వెనక గోడకు ఆనుకుని మూడు గంటల కచేరీ విన్న అలవాటు ఉన్నవారికి ఇది పెద్ద కష్టం కాదు. మెత్తటి చెప్పులు వేసుకోండి, అంతే. ఒపేరా దగ్గర, సెయింట్ స్టీఫెన్ చర్చి ముందు మొజార్ట్ కాలం నాటి కోట్లు తొడుక్కుని టికెట్లు అమ్మేవాళ్లు చుట్టుముడతారు. వాళ్లు అమ్మేది పర్యాటకుల కోసం వేరే హాళ్లలో పెట్టే కార్యక్రమం. 50, 70 యూరోలు పోసి అది కొనే ముందు నిలబడే టికెట్ గుర్తు తెచ్చుకోండి. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ భవనంలో సీజన్ రోజుల్లో మధ్యాహ్నం ఉచిత కచేరీలుంటాయి. ఊరికే వెళ్లి మెట్ల మీద కూర్చుని వినవచ్చు.

ఇన్ని చెప్పడానికి కారణం ఉంది. మీ ప్రయాణంలో మీకు ఇష్టమైనవే చవక. డబ్బు తినేది మంచం, రైలు, విమానం. ఊరు మారిన ప్రతిసారీ ఒక రైలు టికెట్, సామాను దాచుకునే లాకరు, తొందరలో స్టేషన్లో కొన్న బ్రెడ్డు, పోయిన అర పూట. ఏడు నగరాల ప్యాకేజీలో సాయంత్రం ఆరింటికి బస్సు హోటల్ దగ్గర దింపుతుంది. ఆ హోటల్ చాలాసార్లు ఊరి చివర ఉంటుంది. కచేరీ మొదలయ్యేది ఏడున్నరకు. మీ స్నేహితులు ఉద్యోగం ముగించుకుని మిమ్మల్ని కలిసేదీ అప్పుడే. మీకు కావాల్సిన గంటలన్నీ ఆ బస్సు తీసేసుకుంటుంది. అందుకే నేను కచేరీలు తగ్గించమనను, ఊళ్లు తగ్గించమంటాను.

నాలుగు ఊళ్లు, పద్దెనిమిది రాత్రులు: లైప్‌జిగ్‌లో నాలుగు, బెర్లిన్‌లో ఐదు, ప్రాగ్‌లో నాలుగు, వియన్నాలో ఐదు. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి లైప్‌జిగ్ రైల్లో మూడు గంటలు. తిరుగు ప్రయాణం వియన్నా నుంచే పెట్టుకోండి, మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెనక్కి రావడం దండగ. బెర్లిన్ నుంచి ప్రాగ్, ప్రాగ్ నుంచి వియన్నా నాలుగైదు గంటల చొప్పున. ఈ దూరపు రైళ్ల టికెట్లు ముందుగా కొంటే సగానికి సగం తగ్గుతాయి.

ఒక మనిషికి లెక్క ఇలా వేశాను. విమానం 75 వేలు. వీసా రుసుము 90 యూరోలు, అంటే 9,900. దానికి సేవా రుసుము, బీమా కలిపి 15 వేలు అనుకుందాం. తొమ్మిది రాత్రులు స్నేహితుల ఇళ్లలో. మిగిలిన తొమ్మిదింటికి గదిని ముగ్గురూ పంచుకుంటే తలకు 55 యూరోల చొప్పున 55 వేలు. తిండికి రోజుకు 35 యూరోలు, మొత్తం 69 వేలు. రైళ్లు, ఊళ్లో తిరుగుళ్లు 27,500. సంగీతానికి 200 యూరోలు, 22 వేలు. స్నేహితుల కోసం 150 యూరోలు, 16,500. అనుకోని ఖర్చులకు 30 వేలు. అంతా కలిపి 3.1 లక్షలు. యూరో 110 కన్నా తక్కువ ఉంటే మిగులుతుంది, పెరిగితే ఆ 30 వేలు కాపాడతాయి.

డబ్బు ఎక్కడి నుంచి? మీ ఖర్చు నెలకు 48 వేలు. ఆరు నెలల ఖర్చు 2.88 లక్షలు అత్యవసర నిధిగా పక్కన ఉండాలి. దాన్ని ముట్టుకోకండి. ఖాతాలో మిగిలింది 72 వేలు. ఇంకా కావాల్సింది 2.38 లక్షలు. ఖర్చులూ సిప్‌లూ పోగా మీ చేతిలో నెలకు 25 వేలు మిగులుతున్నాయి కదా, అందులో 20 వేలు పన్నెండు నెలలు పక్కన పెడితే 2.4 లక్షలు. సరిపోయింది. ఏడాదిలో వాడుకునే డబ్బును షేర్ల ఫండ్‌లో పెట్టవద్దు. బ్యాంకు రికరింగ్ డిపాజిట్ గానీ లిక్విడ్ ఫండ్ గానీ చాలు. విమానం టికెట్టు నాలుగైదు నెలల ముందు కొనాలి కాబట్టి మొదటి 72 వేలు దానికి సిద్ధంగా ఉంచండి.

తిండి గురించి రెండు మాటలు. మధ్యాహ్నం పెద్ద భోజనం, రాత్రి తేలిక భోజనం పెట్టుకోండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో పని రోజుల్లో మధ్యాహ్నం పూట హోటళ్లు ఒక రోజువారీ భోజనం పెడతాయి, అదే వంటకం రాత్రి మెనూలో ఇంకా ఎక్కువ ధర పలుకుతుంది. వియన్నా కాఫీ హౌసులో ఒక కప్పు కాఫీకి పక్కనే గ్లాసుడు మంచినీళ్లు వస్తాయి, గంటలు కూర్చున్నా లేవమనరు. ఊరి అంచున ద్రాక్షతోటల దగ్గరి హోయ్‌రిగర్ అనే చావిళ్లలో కౌంటరు దగ్గర తూకంలెక్కన వంటకాలు తీసుకుని, పక్కన వయొలిన్, అకార్డియన్ వింటూ కూర్చోవచ్చు. వయొలిన్ నేర్చుకున్న మీరు ఒక సాయంత్రం అక్కడికి వెళ్లకపోతే నేను ఒప్పుకోను. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం చాలావరకు దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోండి. అక్కడ సీసా నీళ్లకు, ఉత్సవాల్లో ఇచ్చే ప్లాస్టిక్ గ్లాసులకు డిపాజిట్ కలిపి వసూలు చేస్తారు. ఖాళీవి తిరిగి ఇస్తే సొమ్ము వెనక్కి వస్తుంది, పారేయకండి.

స్నేహితుల ఇంట్లో దిగడం ఉచితం అనుకోకండి. ముగ్గురు మనుషులు ఐదు రాత్రులు ఒకరి చిన్న ఇంట్లో ఉంటే వాళ్లకు కరెంటు కన్నా ఓపిక ఎక్కువ ఖర్చవుతుంది. ఆ 150 యూరోలు అందుకే: ఒక రోజు కూరగాయలు మీరు కొనండి, ఒక రాత్రి వాళ్లను బయటికి తీసుకెళ్లండి, ఒక కచేరీ టికెట్ మీరు పెట్టండి. ఇక్కడి నుంచి నెయ్యి డబ్బా, మాంసం పచ్చడి మాత్రం తీసుకెళ్లవద్దు. పాల, మాంసం పదార్థాలను బయటి దేశాల ప్రయాణికులు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషిద్ధం. ఆవకాయకు ఆ బెడద లేదు, సీసా మూత గట్టిగా బిగించండి చాలు.

చెల్లింపుల్లో జారిపోయే సొమ్ము కనిపించదు. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్, అంటే అదనపు రుసుము, వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 4.13 శాతం. లక్షన్నర ఖర్చు మీద ఆరు వేలు దాటింది. మార్కప్ లేని కార్డు గానీ విదేశీ కరెన్సీ ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు గానీ ముందే తీసుకోండి. కార్డు పెట్టాక యంత్రం ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే రేటు వాళ్లిష్టం. ప్రాగ్‌లో యూరో కాదు, చెక్ కొరునా. అక్కడి మార్పిడి దుకాణంలో మోసపోయానని అనిపిస్తే మూడు గంటల్లోపు రసీదుతో వెళ్లి లావాదేవీ రద్దు చేయించుకునే హక్కు 2019 నుంచి ఉంది, వెయ్యి యూరోల వరకు.

విదేశీ ప్యాకేజీ మీద మూలంలోనే పన్ను వసూలు చేస్తారు, దాని రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటయ్యే సొమ్మే అయినా, అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. విమానం ఒకచోట, గది మరోచోట విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కిందికి రాదు.

ఒకే పెద్ద కచేరీని నమ్ముకుని ప్రయాణం కట్టవద్దని కూడా మీతో వచ్చేవాళ్లకు చెప్పండి. 2024 ఆగస్టులో వియన్నాలో టేలర్ స్విఫ్ట్ కచేరీలు మూడూ దాడి పథకం బయటపడటంతో రద్దయ్యాయి. టికెట్ల సొమ్ము తిరిగి వచ్చింది. విమానానికి, గదికి పెట్టినదానికి నిర్వాహకుల బాధ్యత ఉండదు. అందుకే గదులు రద్దు చేసుకునే వీలున్నవి చూడండి, కొంచెం ఎక్కువైనా సరే.

వీసాకు మీరు ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. ఈ ప్రణాళికలో తొమ్మిది రాత్రులతో అది జర్మనీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు కనుక జూన్ ప్రయాణమైతే జనవరిలో మొదలుపెట్టండి. బీమాలో వైద్య ఖర్చులకు కనీసం 30 వేల యూరోల కవరేజీ తప్పనిసరి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. నెలనెలా జీతం, నెలనెలా పొదుపు కనిపించే ఖాతాకు, నిన్నగాక మొన్న వచ్చి పడిన 3 లక్షల లోనుకు తేడా వాళ్లకు తెలియకపోదు. రికరింగ్ డిపాజిట్ ఈ నెలే తెరవండి. మీతో వచ్చే ఇద్దరూ ఆగస్టుకే పట్టుబడితే వాళ్లను వెళ్లిరానివ్వండి. లైప్‌జిగ్, వియన్నాల్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి జూన్‌లో వాళ్ల సెలవులెప్పుడో ముందు కనుక్కోండి.