తాళంచెవి ముందు వాళ్లకివ్వు

అమ్మాయ్,

అమ్మానాన్నల అండ లేని పిల్లలు పెరిగే బాలసదన్ నుంచి 18 నిండి బయటికొచ్చిన ఆ ఆరుగురు ఆడపిల్లలు విజయవాడలో ఉండే ఇంటి బాధ్యత ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. పదకొండేళ్లు ఇదే పని చేసిన దాన్ని, చెప్పకుండా ఉండలేను.

మొదటి రోజే ఎవరి తాళంచెవి వాళ్లకిచ్చెయ్. బాలసదన్‌లో పెరిగిన పిల్లలు గంట కొడితే లేచారు, గంట కొడితే తిన్నారు. నా దగ్గరికొచ్చిన మొదటి బ్యాచ్‌లో ఒకమ్మాయి, తలుపు బార్లా తీసి ఉన్నా గడప దగ్గరే ఆగి "మేడమ్, బయటికి వెళ్లనా?" అని అడిగేది. ఆ అలవాటు పోవడానికి నెల పైనే పట్టింది. ఆ పిల్లే 60 మందికి సాంబారు అవలీలగా కాచేది. ఆరుగురికి పప్పు పెట్టమంటే మాత్రం చిన్న గిన్నె ముందు బిక్కమొహం వేసింది. ఉప్పు గరిటెతో వేసింది. ఆ పూట అందరం పెరుగన్నమే తిన్నాం. అందుకని వంట నువ్వు చేసి పెట్టకు. డబ్బులిచ్చి రైతుబజారుకు వాళ్లనే పంపు. మొదట్లో ముదురు బెండకాయలు తెస్తారు. తేనీ.

డబ్బు దగ్గర నేనే పొరపాటు చేశాను. జాగ్రత్త కోసమని అందరి ఏటీఎం కార్డులూ నా బీరువాలో పెట్టాను. 21 నిండి వెళ్లిపోయిన ఒకమ్మాయి, మూడేళ్లు దాచిన సొమ్మంతా రెండు నెలల్లో ఖర్చు చేసేసింది. తిట్టాను కూడా. తర్వాత ఆలోచిస్తే, ఆ పిల్ల చేతికి కార్డు రావడం అదే మొదటిసారి. నీ ఇంట్లో ఉండగానే ఖర్చు పెట్టనీ. నెలాఖరుకి చేతులు ఖాళీ అయితే అన్నం దొరికే చోటే కదా ఉన్నారు.

రూల్స్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2015 బాలల న్యాయ చట్టం కింద 18 దాటాక ఆఫ్టర్‌కేర్, అంటే సదనం వదిలాక ఇచ్చే ఇలాంటి ఆసరా, 21 వరకూ ఉంటుంది, తప్పనిసరైతే 23 దాకా పొడిగించవచ్చు. ఒక ఇంట్లో ఆరు నుంచి ఎనిమిది మందిని ఉంచమంటాయి 2016 నిబంధనలు. ఎందుకో ఉండి చూస్తే తెలిసింది. అంతకు మించితే మళ్లీ హాస్టలే, మళ్లీ గంటే. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకంలో ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అది ఆలస్యమైతే అద్దె ఆగిపోయేలా మాత్రం లెక్క వేసుకోకు.

కాగితాల పని ఈ నెలలోనే పట్టుకో. పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ, పుట్టిన తేదీ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ సదనం బీరువాలో ఉండిపోతాయి. ఉద్యోగానికి అడిగిన రోజున వెతకడం మొదలుపెడితే ఉద్యోగం పోతుంది. ఆధార్‌లో సదనం అడ్రసే ఉంటుంది, మార్పించు. ఓటు కూడా రాయించు. ఓటరు జాబితాలో తన పేరు చూసుకుని ఒకమ్మాయి ఫోన్లో ఫోటో తీసుకుంది.

ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలకు వాళ్లను ముందే సిద్ధం చెయ్. "మీ అమ్మానాన్నలు ఏం చేస్తారు?" అని ఇంటి ఓనరమ్మ అడుగుతుంది. ఆవిడది చెడు బుద్ధి కాదు, అందరినీ అడుగుతుంది. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో పిల్లలనే తేల్చుకోనీ. వాళ్ల తరఫున నువ్వు కథ చెప్పకు, జాలి కోసమైతే అసలే వద్దు.

చదువు, ట్రైనింగ్ విషయంలో నువ్వే నాకంటే బాగా చెప్పగలవు. ఒక్కటి మాత్రం వినుకో. నర్సింగ్, కుట్టు అంటూ మనకు తోచినవి అంటగట్టకు. నా దగ్గర ఒకమ్మాయి టూ వీలర్ మెకానిక్ అవుతానంటే నవ్వాను. ఇప్పుడు నా స్కూటీ సర్వీసింగ్ తనే చేస్తుంది, డబ్బులు తీసుకునే చేస్తుంది.

పండగలకు జాగ్రత్త. సంక్రాంతికి వీధి వీధంతా ఊళ్లకు వెళ్లిపోతుంది, మన ఇల్లొక్కటే మిగులుతుంది. ఆ మూడు రోజులూ వాళ్లు మాట్లాడరు. ఈసారి ఆరుగురినీ తీసుకుని ఇక్కడికి రా. బియ్యం నేను నానబోస్తాను, అరిసెల పాకం సంగతి వాళ్లు చూసుకుంటారు. పెద్ద గిన్నెలు తీసి ఉంచుతాలే.

మీ అత్త