సిగ్నల్ లేని కొండదారిలో ఫోన్ గైడ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఏప్రిల్‌లో మా చెల్లెలితో కలిసి అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కాలినడక దారిలో మొదటి భాగం నడవాలని కోరిక. జార్జియాలో స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర మొదలుపెట్టి నార్త్ కరోలినాలోని ఫోంటానా డ్యామ్ దాకా వెళ్తాం. మా అబ్బాయి నా ఫోన్‌లో ఫార్‌అవుట్ అనే నడకదారుల యాప్‌లో ఈ ట్రెయిల్ గైడ్ కొని పెట్టాడు. "నెట్ లేకపోయినా పనిచేస్తుంది, భయపడకు" అంటాడు. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది. సిగ్నల్ లేని అడవిలో నేనెక్కడున్నానో ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? దాన్నే నమ్ముకుని వెళ్లవచ్చా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే, మీ టెన్షనూ సబబే.

మనం ఎక్కడున్నామో తెలియడానికి సెల్ టవర్ అక్కర్లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సంకేతాలు పంపుతూ ఉంటాయి, ఫోన్ వాటిని వింటుంది. ఫోన్ నుంచి వాటికి ఏమీ వెళ్లదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మీరున్న చోటు లెక్క తేలుతుంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే చాలు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా ఈ పని ఆగదు. ఆకాశం బాగా కనిపించే చోట మంచి ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. ఇరుకు లోయలో, దట్టమైన చెట్ల కింద తేడా ఇంకా పెరుగుతుంది.

సిగ్నల్ లేకపోతే రానిది పటం. నా మొదటి ప్రయాణంలో నేను తప్పు చేసింది ఇక్కడే. గైడ్ డౌన్‌లోడ్ అయింది కదా అని బయలుదేరాను. వెనక కనిపించే పటాన్ని విడిగా దింపుకోవాలని చూసుకోలేదు. రెండో రోజు మంచులో తెరిచి చూస్తే నేనున్న చోటు చూపే నీలం చుక్క ఉంది, దారి గీత ఉంది, చుట్టూ అంతా తెల్లటి ఖాళీ. కొండ ఎటో లోయ ఎటో తెలియలేదు. ఊళ్లోకి దిగి వైఫై దొరికేదాకా నాలుగు రోజులు అలాగే నడిచాను. అందుకే ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే. బయలుదేరే వారం ముందు, ఇంట్లో కూర్చుని, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా తీసేయండి. ఫోన్ ఆపి మళ్లీ వెయ్యండి. అప్పుడు గైడ్ తెరిచి స్ప్రింగర్, బ్లడ్ మౌంటెన్, ఫోంటానా... ఒక్కో చోటికీ వెళ్లి బాగా దగ్గరికి లాగి చూడండి. ఎత్తుల గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు కనిపించాలి. నీటి ఊటలు, రాత్రి తలదాచుకునే షెల్టర్లు, ఫొటోలు, నడిచినవాళ్లు రాసిన మాటలు అన్నీ తెరుచుకోవాలి. ఏది తెరుచుకోకపోతే అది ఇంకా మీ దగ్గర లేనట్టే. మీ చెల్లెలి ఫోన్‌లోనూ ఏదో ఒక ఆఫ్‌లైన్ పటం ఉంచండి. ఓస్‌మ్యాండ్ గానీ ఆర్గానిక్ మ్యాప్స్ గానీ చాలు. ఇద్దరి దారీ ఒక్క ఫోన్ మీద ఆధారపడకూడదు.

విమానం దిగాక ఊళ్లో నెట్ ఉండగానే ఒకసారి ఆరుబయట లొకేషన్ చూసుకోండి. చాలా దూరం వచ్చిన ఫోన్‌కు ఏ ఉపగ్రహం ఎక్కడుందో కొత్తగా తెలియాలి. నెట్ ఉంటే ఆ వివరం క్షణాల్లో వస్తుంది. లేకపోతే ఉపగ్రహం నుంచే మెల్లగా అందుకోవాలి, ఉపగ్రహాల జాడల పట్టిక మొత్తం రావడానికి 12 నిమిషాల పైనే పడుతుంది. అడవిలో చుక్క వెంటనే రాకపోతే కంగారుపడకండి. చెట్లు పలచగా ఉన్నచోట ఫోన్ పట్టుకుని కదలకుండా నిలబడండి.

ఇక నమ్మకం మాట. ఈ ట్రెయిల్‌కు అసలు దారి చూపేది చెట్ల మీది తెల్ల గుర్తులు. 5 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. ఒకదానిపై ఒకటి రెండు గుర్తులుంటే మలుపు వస్తోందని, జాగ్రత్త అని. నీలం గుర్తులు పక్కదారులవి, చాలావరకు నీళ్లకో షెల్టర్‌కో తీసుకెళ్తాయి. కళ్లు చెట్ల మీదే ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు ఫోన్ తియ్యాలి. నార్త్ కరోలినాలో ఓ మధ్యాహ్నం నేను మాటల్లో పడి జంట గుర్తు చూడకుండా పాత బండిబాట పట్టి దిగిపోయాను. దారి బాగా వెడల్పుగా, నున్నగా ఉండటంతో అనుమానమే రాలేదు. పావుగంటయినా తెల్ల గుర్తు కనపడలేదని గుర్తొచ్చి ఫోన్ తీస్తే, చుక్క దారి గీతకు చాలా పక్కన ఉంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, వచ్చిన దారినే వెనక్కి నడవడం. పటంలో దగ్గరగా ఉంది కదా అని పొదల్లోంచి అడ్డంగా వెళ్లకండి. గీతకూ చుక్కకూ మధ్య ఏ గండి ఉందో తెరమీద తెలియదు.

ఒక విషయం చెప్పక తప్పదు. 2013 జూలైలో ఇదే ట్రెయిల్ మీద, మెయిన్ అనే రాష్ట్రంలో, 66 ఏళ్ల ఆమె కాలకృత్యాలకని దారి పక్కకు వెళ్లి మళ్లీ దారి కనుక్కోలేకపోయారు. ఫోన్ నుంచి భర్తకు మెసేజ్‌లు పెట్టారు. సిగ్నల్ లేక అవి చేరలేదు. 2015 అక్టోబరులో గానీ ఆమె గుడారం దొరకలేదు, అదీ ట్రెయిల్‌కు మరీ దూరం కాని చోట. అది చదివినప్పటి నుంచి నేను దారి దిగేముందు ఎంత తొందరలో ఉన్నా పటం మీద ఒక పిన్ పెడతాను, ఫోన్ నాతోనే తీసుకెళ్తాను. మీరిద్దరూ అలాగే చెయ్యండి, ఒకరు దారి మీదే నిలబడండి.

గైడ్ అసలు విలువ సాయంత్రాలు తెలుస్తుంది. షెల్టర్‌లో కూర్చుని రేపటి దారి చదువుకోవాలి. ఎక్కడ నీళ్లున్నాయి, తర్వాతి నీళ్లు ఎంత దూరం, ఎక్కడ రోడ్డు దాటుతుంది. గ్యాప్ అని రాసి ఉన్నచోటల్లా కనుమ అనుకోండి, అంటే దిగి మళ్లీ ఎక్కాలి. ఊటల కింద నడిచినవాళ్లు రాసిన మాటలకు తేదీ చూడండి. "బాగా పారుతోంది" అన్నది మూడు వారాల కిందటిదైతే, ఆ మధ్య వాన పడలేదంటే, నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. ఏప్రిల్‌లో జార్జియా కొండల్లో నీటికి పెద్దగా ఇబ్బంది ఉండదు, అక్కడి ఎండాకాలం చివర మాత్రం చిన్న ఊటలు ఎండిపోతాయి. కొత్త మాటలు రావాలంటే నెట్ కావాలి కాబట్టి, ఊరు దొరికినప్పుడల్లా గైడ్‌ను అప్‌డేట్ చెయ్యండి. దారులే మారిపోతాయి మరి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు టెనెసీలోని ఎర్విన్ దగ్గర నోలిచకీ నదిపై ట్రెయిల్ దాటే వంతెనే కొట్టుకుపోయింది.

గైడ్‌లో దారి ఎక్కుడు దిగుడు చూపే ఎత్తుపల్లాల గీత చూసి బెదిరిపోకండి. దూరాన్ని కుదించి గీస్తారు కాబట్టి ప్రతి కొండా గోడలాగే కనిపిస్తుంది. అంకెలు చూడండి. బ్లడ్ మౌంటెన్ 1,359 మీటర్లు, అక్కడి నుంచి నీల్ గ్యాప్‌కు 4 కిలోమీటర్లలో 400 మీటర్లు దిగాలి. ఎంతసేపు పడుతుందో తెలుసుకోవడానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. వీపున బరువుంటే నాకు దానికి ఒకటిన్నర రెట్లు పడుతుంది. మొదటి మూడు రోజులు మీ వేగం రాసుకోండి, తర్వాత మీ లెక్క మీకే వస్తుంది.

ప్రశ్న: గూగుల్ మ్యాప్స్‌లోనూ ఆఫ్‌లైన్ పటం దింపుకోవచ్చు కదా? డబ్బు పెట్టి వేరే గైడ్ ఎందుకు?

జవాబు: గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో కారు దారులు చెబుతుంది, నడక దారులు చెప్పదు. ఊళ్లో హోటల్ వెతుక్కోవడానికి ఉంచుకోండి. అడవిలో కావాల్సింది ఎత్తుల గీతలు, నీళ్లు, షెల్టర్లు.

ప్రశ్న: ఐదు రోజుల నడకకు ఎంత పవర్ బ్యాంక్ కావాలి? చలిలో ఫోన్ ఆగిపోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. చలికి బ్యాటరీలో రసాయన క్రియ మందగిస్తుంది, చార్జ్ ఉండగానే ఫోన్ ఆగిపోవచ్చు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని తయారీదారే చెబుతారు. ఓ తెల్లవారుజామున నా ఫోన్ 40 శాతం దగ్గర ఆరిపోయింది, లోపలి జేబులో అరగంట పెట్టుకున్నాక మళ్లీ లేచింది. అప్పటి నుంచి ఫోన్, పవర్ బ్యాంక్ రెండూ రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో నా పక్కనే. గడ్డకట్టే చలిలో చార్జింగ్ మాత్రం పెట్టకండి, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ మీద రాసిన అంకె అంతా ఫోన్‌కు చేరదు. వోల్టేజీ మార్చడంలోనూ వేడిలోనూ కొంత పోతుంది, మామూలు ఫోన్ ఒకటిన్నర సార్లు నిండుతుంది. ఐదు రోజులకు అది సరిపోవాలంటే రోజంతా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచాలి. బ్యాటరీని ఎక్కువగా తినేది తెర వెలుగు, దొరకని సిగ్నల్ కోసం వెతుకులాట. నాకలా రోజుకు 15 నుంచి 20 శాతం ఖర్చవుతుంది. విమానంలో పవర్ బ్యాంక్‌ను చేతి సంచిలోనే పెట్టుకోవాలి. కేబుల్ తెగితే ఇవన్నీ ఉత్త బరువే కనుక రెండోది తప్పక వెయ్యండి. వానలో తడి తెర వేలి మాట వినదు. రేపటి ఊటల పేర్లు, దూరాలు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవడం నాకు అలవాటు.

ప్రశ్న: మా అమ్మాయి ఒంటరిగా ఆ ట్రెయిల్ నడుస్తోంది. ఆ గైడ్ ఉంది కదా, తను ఎక్కడుందో గంటగంటకూ మేము ఇంట్లోంచి చూసుకోవచ్చా? రెండు రోజులుగా ఫోన్ రాకపోతే మాకు నిద్ర లేదు.

జవాబు: అయ్యా, ఆ రెండు రాత్రులూ ఎలా గడిచి ఉంటాయో నాకు తెలుసు. మా ఇంట్లోవాళ్లూ నా కోసం అలాగే కూర్చున్నారు. జీపీఎస్ వినడం వరకే అని పైన చెప్పాను. తను ఎక్కడుందో ఆ అమ్మాయికి తెలుస్తుంది, మీకు పంపడానికి సిగ్నల్ కావాలి. గట్ల మీద అప్పుడప్పుడూ దొరుకుతుంది, లోయల్లో దొరకదు. రెండు రోజుల మౌనం అక్కడ మామూలే.

మీకు కబురు అందాల్సిందేనంటే ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం కొనివ్వండి. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటిది ఇరిడియం ఉపగ్రహాలతో పనిచేస్తుంది, చందా కట్టాలి. తను నడిచిన చోట్లు మీరు పటం మీద చూడవచ్చు. ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఫోన్లలో, ఆకాశం కనిపించే చోట, ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే వీలుంది. అది తన ఫోన్‌లో ఉందా, ఎలా వాడాలో సాధన చేసి చూసిందా అని అడగండి.

రోజూ ఫోన్ చెయ్యమని మాట తీసుకోకండి. ఏదో ఒక సాయంత్రం సిగ్నల్ దొరకదు, మీరిక్కడ కుదేలవుతారు. సిగ్నల్ కోసం తను చీకట్లో గట్టెక్కుతుంది. ఫలానా ఊరికి ఫలానా తేదీకి చేరతాను అని చెప్పించుకోండి. దాని మీద ఇంకో రోజు గడువు పెట్టుకోండి. గడువు దాటితే ఎవరికి చెప్పాలో ఇప్పుడే రాసుకోండి. అమెరికా బయటి నుంచి 911 నొక్కితే అక్కడి వాళ్లకు వెళ్లదు. అందుకే తను దాటబోయే ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్ ఆఫీసు, అంటే అక్కడి పోలీసుల పూర్తి నంబరు, ట్రెయిల్ మీద వచ్చే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్క్ నంబరు కావాలి. వాటి కింద తన గుడారం రంగు, సంచి రంగు, బూట్ల సైజు, ఆఖరిసారి మాట్లాడినప్పుడు గైడ్‌లో చూసి చెప్పిన మైలు అంకె రాయండి. ప్రతి ఫోన్‌లోనూ ఆ అంకె అడిగి, పాతది కొట్టేసి, కొత్తది వేసుకోండి.