కామెట్ విమానాలు కూలింది చదరపు కిటికీల వల్లేనా?

కిటికీలు చదరంగా ఉండటం వల్లే కామెట్‌లు (1950ల నాటి బ్రిటిష్ జెట్ ప్రయాణికుల విమానాలు) గాల్లో ముక్కలయ్యాయని చదివానని, అది నిజమేనా అని అడిగారు. అందులో నిజం సగమే. విమానాల మెయింటెనెన్స్‌లో పగుళ్లు వెతికే పని పదకొండేళ్లుగా చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ కిటికీల మూలలు గుండ్రంగానే ఉండేవి. 1954 జనవరి 10న రోమ్ నుంచి లండన్ బయల్దేరిన కామెట్ ఎల్బా దీవి దగ్గర సముద్రంలో పడి 35 మంది పోయారు. సముద్రం అడుగు నుంచి పైకి తీసిన ముక్కల్ని పేర్చి చూస్తే, పగులు మొదలైంది పైకప్పు మీద యాంటెన్నా కోసం రేకు కోసిన చోట. ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర ఇంకో కామెట్ కూలి మరో 21 మంది పోయారు.

పైకి వెళ్లిన ప్రతిసారీ క్యాబిన్‌లోని గాలి రేకును బయటికి తోస్తుంది, దిగగానే వదిలేస్తుంది. ఆ లాగుడంతా కోసిన మూలల్లో, అక్కడి రివెట్ బెజ్జాల అంచుల్లో పోగవుతుంది. చేరిన కొత్తలో ఒక డోర్ ఫ్రేమ్ మూల నేనే తుడిచి చూశాను, కంటికి ఏమీ ఆనలేదు. పగుళ్లలోకి ఇంకే ఎర్రటి ద్రవం (పెనెట్రెంట్) రాసి, కాసేపు ఆగి తుడిచి, ఇంకినదాన్ని బయటికి లాగే తెల్లటి డెవలపర్ కొట్టాం. కొద్ది నిమిషాలకు బెజ్జం అంచు నుంచి బియ్యపు గింజంత ఎర్ర గీత తేలింది. "తుడిచేసి మళ్లీ చెయ్యి బాబూ" అన్నారు మా సీనియర్. రెండోసారీ అక్కడే వచ్చింది. ఆ రోజు నాకు చేతులు వణికాయి.

కామెట్ విషయంలో నన్ను బాగా బాధపెట్టేది తయారీదారులు ముందుగా చేసిన పరీక్ష. వాళ్లు పరీక్షించిన క్యాబిన్ భాగం 16,000 సార్లు ఒత్తిడి పెట్టినా తట్టుకుంది. కానీ అదే ముక్కకు అంతకుముందు మామూలుకు రెండింతల ఒత్తిడి పెట్టి చూశారు. దాంతో బెజ్జాల అంచుల్లో లోహం కాస్త సాగింది. ఒత్తిడి తీసేశాక చుట్టూ ఉన్న రేకు దాన్ని నొక్కిపెట్టి ఉంచింది. అలా నొక్కుకుపోయిన చోట పగులు అంత తొందరగా పుట్టదు. జనం ఎక్కిన విమానాలకు ఆ బలం లేదు. ఎల్బా దగ్గర పడినదానికి 1,290 ట్రిప్పులే అయ్యాయి.

తర్వాత ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో, సర్వీసులో తిరిగిన ఒక కామెట్‌ను నీళ్ల ట్యాంకులో పెట్టి ఒత్తిడి ఎక్కిస్తూ దింపుతూ పోయారు. నీళ్లే ఎందుకంటే, గాలితో చేస్తే బాంబులా పేలిపోతుంది, పగులు ఎక్కడ మొదలైందో తెలియదు. అంతకుముందు ఎగిరిన 1,221 ట్రిప్పులు కలుపుకుని 3,057 దగ్గర క్యాబిన్ చీలిపోయింది.

1953 మే 2న కలకత్తా నుంచి లేచిన కొద్దిసేపటికే కూలిన కామెట్‌ను మాత్రం ఇందులో కలపకండి. అందులో 43 మంది పోయారు, కానీ అది ఉరుముల గాలివానలో విరిగిపోయిందని విచారణలో తేల్చారు.