సబ్బుకి గ్లాసు కొలతలు పనికిరావు

ప్రశ్న: ఇంట్లో కొబ్బరి నూనె సబ్బు చేశానండి. కాస్టిక్ సోడా గ్లాసుతో కొలిచి కలిపితే పైన నూనె తేలింది, ముక్క పట్టుకుంటే చెయ్యి మండుతోంది. మంచి సోడా ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ ముక్క వాడటం ఆపండి. సోడా కంటే నాకు మీ గ్లాసు మీదే అనుమానం, గ్రాములు చూపే డిజిటల్ కాటా కొనండి. ఒక్క కొబ్బరి నూనే అయితే 500 గ్రాములకి 73 గ్రాముల సోడా, 170 గ్రాముల నీళ్లు చాలు, ఈ లెక్కలో దాదాపు ఐదో వంతు నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది కాబట్టి ఒళ్లు మరీ పొడిబారదు. ల్యాబ్ కెమికల్స్ షాపులో సోడియం హైడ్రాక్సైడ్ అని అడగండి, డ్రెయిన్ క్లీనర్ పొడి మాత్రం వద్దే వద్దు. సోడానే నీళ్లలో వెయ్యాలి, దాని మీద నీళ్లు పొయ్యకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. గిన్నె స్టీలుదే, అల్యూమినియంని సోడా తినేస్తుంది. కోశాక నాలుగు వారాలైనా ఆరనివ్వండి.