కిడెపోకి కనీసం నాలుగు రాత్రులు ఇవ్వండి

ఫిబ్రవరిలో 10 రోజుల సెలవు ఉంది, కెన్యాలోని మసాయి మారా లాంటి రద్దీ లేని చోట జంతువులనూ పక్షులనూ చూడాలి, ఉగాండాలో నాలుగు పార్కులు చుట్టి రావచ్చా అని అడిగారు. నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను కాబట్టి చెప్తున్నా, నాలుగూ పెట్టుకోకండి. వాటిలో కిడెపో వ్యాలీ పార్కు ఒక్కదానికే కనీసం నాలుగు రాత్రులు ఇవ్వండి.

మొదటిసారి నేనూ మీలాగే వేసుకున్నాను. ట్రావెల్స్ వాళ్ళు 8 రోజుల్లో నాలుగు పార్కులు చూపిస్తామంటే సరేనన్నాను. రోజూ ఏడెనిమిది గంటలు కారులోనే సరిపోయింది. కిడెపోకి మిగిలింది ఒక్క పూట. పైగా అది సెప్టెంబరు, గడ్డి నిలువెత్తు పెరిగింది. అందులో సింహం పడుకున్నా కనిపించదు. ఆ బాధ మనసులో ఉండిపోయి, తర్వాత ఓ జనవరిలో కిడెపో కోసమే మళ్ళీ వెళ్ళాను.

ఈ పార్కు ఉగాండా ఈశాన్య మూలన, కరమోజా ప్రాంతంలో, దక్షిణ సూడాన్ సరిహద్దుని ఆనుకుని ఉంది. విస్తీర్ణం 1,442 చదరపు కిలోమీటర్లు. కంపాలా నుంచి గులు, కిట్గుమ్ మీదుగా రోజంతా ప్రయాణం. అంత దూరం కాబట్టే జనం తక్కువ. గులులో ఒక రాత్రి ఆగండి, కిట్గుమ్‌లో ట్యాంకు నిండా కొట్టించుకోండి. సరిహద్దు ప్రాంతం కదా, బయల్దేరే ముందు అక్కడి పరిస్థితి కూడా కనుక్కోండి.

డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఎండలు. కిడెపో నది ఎండి ఇసుకగా మారుతుంది, నీళ్ళు పార్కులోని నారుస్ లోయలోనే మిగులుతాయి. అందుకే జంతువులన్నీ ఆ లోయలోకి దిగుతాయి. ఒకరోజు పొద్దున్నే ఆఫ్రికా అడవి గేదెల మంద మా జీపు ముందు నుంచి దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఇక పక్షులు. అక్కడ 470కి పైగా జాతులు నమోదయ్యాయి. గడ్డి తగలబెట్టిన చోట, మసిబారిన ఒక మోడు మీద అబిసీనియన్ రోలర్ కూర్చుంది. మన పాలపిట్టకి దగ్గరి చుట్టం. అదే నీలం, కాకపోతే తోక చివర రిబ్బన్లలా రెండు సన్నని ఈకలు. కిందకి దూకి మిడతని పట్టుకోవడం, మళ్ళీ అదే మోడు మీదికి రావడం. దసరాకి పాలపిట్ట కోసం పొలాల గట్ల మీద తిరిగిన వాణ్ణి, అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. ఇంకో రోజు మా గైడ్ గొంతు తగ్గించి, ఉగాండాలో ఇది ఎక్కడపడితే అక్కడ దొరకదని ఒక పిట్టని చూపించాడు. చూస్తే మన రామచిలుక! ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఇదేనని చెప్తే అతను ఎంత సంబరపడ్డాడో.

ఎండిన నది ఇసుకలో నడిస్తే రెండు గట్లా తాటిచెట్లే. మన తాటికి అన్నదమ్ముల లాంటి జాతి. రాలిన పండొకటి చేతిలోకి తీసుకుంటే అచ్చం మా ఊరి తాటిపండు వాసన. ఏనుగులకి అవంటే ప్రాణం, అందుకే తుపాకీ ఉన్న రేంజర్ పక్కన లేకుండా అక్కడ దిగకండి. కుట్టే సెట్సీ ఈగలు కూడా ఉంటాయి. ముదురు నీలం, నలుపు బట్టలు వాటిని రప్పిస్తాయి, ఖాకీ రంగు వేసుకోండి.

బసకి పార్కు లోపలే అపోకాలో ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ వాళ్ళ గదులు మన బడ్జెట్‌కి సరిపోతాయి. శాకాహారులైతే బీన్స్, చపాతీ దొరుకుతాయి (అక్కడా దాన్ని చపాతీ అనే అంటారు). అటుకులు, కారప్పొడి నేను పట్టుకెళ్ళాను.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. అది లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ టెన్షన్. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మలేరియా మాత్రల గురించి కూడా డాక్టర్‌ని ముందే అడగండి.

చివరి రోజు ఎంటెబ్బే ఎయిర్‌పోర్టు ఊరి దగ్గర మబాంబా చిత్తడి నేలకి ఉంచుకోండి. చెప్పు ఆకారపు ముక్కుతో నాలుగడుగుల ఎత్తుండే షూబిల్ అనే పక్షి అక్కడుంది. మేము కర్ర పడవలో జమ్ము మధ్యకి వెళ్ళి చూస్తే, నలభై నిమిషాలు బొమ్మలా నిలబడే ఉంది. వీలైతే పొద్దున ఏడింటికల్లా పడవ ఎక్కండి.