పాట అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఏడో ఏట నుంచీ కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. వర్ణాలు, ముప్పై దాకా కృతులు వచ్చు. ఇంజనీరింగ్ వద్దు, గాయనినే అవుతానంటోంది. వాళ్ల నాన్నగారేమో పాట అన్నం పెడుతుందా అంటున్నారు. సంగీత కళాశాలలో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, కాలేజీ సంగతి కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ముప్పై కృతులు వచ్చన్నారు, సంతోషం. అయితే నేర్పిన కృతిని నేర్పినట్టు పాడటం వేరు. కల్యాణి రాగమో తోడి రాగమో తనంతట తాను పది నిమిషాలు ఆలపించి, ఒక పాదం పట్టుకుని నెరవు చేసి (అదే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడి), స్వరకల్పన చేస్తూ (అప్పటికప్పుడు స్వరాలు అల్లుతూ) తాళం తప్పకుండా ఆ పాదం ఎత్తుకునే చోటికి వచ్చి చేరడం వేరు. కచేరీ గాయనిని నిలబెట్టేది ఈ రెండోదే, దీన్నే మనోధర్మం అంటారు. ఏళ్ల తరబడి నేర్చుకున్న పిల్లలు కూడా ఈ గడప దగ్గరే ఆగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్లకు ప్రతిభ లేక కాదు. వారానికి రెండు క్లాసులకు వెళ్లి పాఠం చెప్పించుకుని వచ్చేస్తే మనోధర్మం రాదు. గురువు పాడుతుంటే ఎదురుగా కూర్చుని విని, అక్కడికక్కడే అందుకుని పాడి, తప్పయితే మళ్లీ పాడి, అలా ఏళ్లు గడిస్తేనే వస్తుంది. గంటల తరబడి కచేరీలు వినడం కూడా ఆ చదువులో భాగమే.

అందుకే నేను చెప్పేది ఇది: పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య కాలాన్ని ఈ సాధనకు కేటాయించండి, డిగ్రీని దానికి తగ్గట్టు ఎంచుకోండి. ఏ డిగ్రీ గొప్పదని కాదు, ఏ డిగ్రీ రోజుకు మూడు నాలుగు గంటలు పాటకు మిగులుస్తుందని చూడండి. హాస్టల్లో ఉండి చదివే ఇంజనీరింగ్ ఆ సమయం మిగల్చదు, పైగా గురువుకు దూరం చేస్తుంది.

సంగీత కళాశాలలంటే మనకు మంచి చరిత్రే ఉంది. విజయనగరం కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా మొదలైంది. హైదరాబాదు, విజయవాడల్లో ప్రభుత్వ కళాశాలలు, తిరుపతిలో టీటీడీ నడిపే కళాశాల ఉన్నాయి. సర్టిఫికెట్, డిప్లొమా అక్కడ చేయవచ్చు. కానీ రేపు యూనివర్సిటీలోనో కేంద్రీయ విద్యాలయంలోనో సంగీతం ఉద్యోగం కావాలంటే గుర్తింపున్న డిగ్రీ, లెక్చరర్ పోస్టుకైతే ఆపైన పీజీ, నెట్ (యూజీసీ అర్హత పరీక్ష) కావాలి. కాబట్టి ఉత్త డిప్లొమాతో ఆగవద్దు. కాలేజీలో చేరినా సొంత గురువును మాత్రం వదలవద్దు.

వాళ్ల నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. కచేరీల మీదే బతికేవాళ్లు చాలా తక్కువమంది, అదీ చాలా ఏళ్ల తర్వాత. మొదట్లో వచ్చే పారితోషికం వయొలిన్, మృదంగం వాళ్లకు ఇచ్చి పంపడానికే చాలదు. ఇంట్లోంచి కొంత పెట్టుకోవాల్సి వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. అన్నం పెట్టేది ఎక్కువగా పాఠాలు చెప్పడం. విదేశాల్లోని మన పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్లు ఇప్పుడు బాగానే సంపాదిస్తున్నారు. మీ అమ్మాయి ఇరవై దాటాక గురువుగారి అనుమతితో చిన్నపిల్లలకు సరళీస్వరాలు, జంటస్వరాల్లాంటి తొలి పాఠాలు చెప్పడం మొదలుపెట్టవచ్చు. చెబుతుంటే తన పునాదీ గట్టిపడుతుంది. ఉద్యోగం చేస్తూ పాడటం తక్కువతనమేమీ కాదని ఆయనకు చెప్పండి. గాయకులు శ్రీపాద పినాకపాణిగారు వృత్తిరీత్యా వైద్యులు. అయినా 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన శిష్యులు నేదునూరి కృష్ణమూర్తిగారు సంగీత కళాశాలల ప్రిన్సిపాల్‌గా పనిచేస్తూనే అగ్రశ్రేణి గాయకులయ్యారు.

ఇక వేదికల మాట. తొందరపడి చెన్నైలో డిసెంబరు, జనవరిల్లో జరిగే మార్గళి కచేరీల సీజన్ వైపు పరుగెత్తకండి. కొత్తవాళ్లకు అక్కడ మధ్యాహ్నం వేళ అవకాశాలు దొరుకుతాయి. గంటో గంటన్నరో నిండుగా పాడగలిగిన రోజున వెళితేనే ఉపయోగం. ముందు ఆకాశవాణి ఆడిషన్‌కు సిద్ధం చేయండి. పాడగలిగిన కృతుల జాబితా మనమే ఇస్తాం, అందులోంచి వాళ్లు అడిగింది పాడాలి. అలా సిద్ధమవడమే పెద్ద శిక్షణ. బి గ్రేడుతో మొదలై బి హై, ఏ, టాప్ దాకా మెట్లున్నాయి, గ్రేడు ఉంటే కచేరీలు పెట్టే సభల వాళ్లు కూడా గౌరవిస్తారు. పదహారు నుంచి ఇరవై నాలుగేళ్ల వాళ్లకు ఆకాశవాణి సంగీత పోటీలు కూడా ఉంటాయి. డబ్బు కడితే వేదిక ఇస్తామనే నిర్వాహకులు ఎదురవుతారు. ఒక్కసారి కూడా ఒప్పుకోవద్దు. అలాంటి కచేరీకి వినేవాళ్లు రారు, ఫోటోలు మాత్రం మిగులుతాయి.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్ గురించి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు, గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉంటే, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. గురువుగారి ధ్రువపత్రం కావాలి. పద్దెనిమిది నిండగానే ప్రకటన కోసం చూస్తూ ఉండండి.

గొంతు విషయంలో ఒక్క మాట. ఎవరో ఐదున్నర శ్రుతిలో, అంటే బాగా ఎత్తులో, పాడుతున్నారని మీ అమ్మాయిని అక్కడికి లాగకండి. కింద మంద్రస్థాయి పంచమం (ప స్వరం), పైన తారస్థాయి పంచమం శ్రమ లేకుండా పలికేదే తన శ్రుతి. బొంగురు మూడు వారాలకు మించి తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టక ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఈ వారం మీరిద్దరూ గురువుగారి దగ్గరకు వెళ్లి, పిల్ల లేనప్పుడు, రెండు ప్రశ్నలు అడగండి. రాగాలాపన తనంతట తాను చేయగలుగుతోందా? మీరు రోజూ కూర్చోబెట్టుకుని చెప్పగలరా, లేక మరొకరి దగ్గరకు పంపమంటారా? రెండో ప్రశ్నకు మంచి గురువులు నొచ్చుకోరు. పై గురువు దగ్గరకు శిష్యులను వాళ్లే పంపడం మన సంగీతంలో మామూలే. ఆయన ఏమన్నారో నాకు రాయండి, కాలేజీ దరఖాస్తు గడువులోగా ఏ ఊరు, ఏ కోర్సు అన్నది అప్పుడు చూద్దాం.