ఒడియా బడిలో తెలుగు పిల్లలకు ఐఈపీ: కాగితాలు, మీటింగు, సంతకాలు

మేడమ్, పర్లాకిమిడి దగ్గర ఒడియా మీడియం బడిలో స్పెషల్ టీచరుగా కొత్తగా చేరానని, తెలుగు ఇళ్ల పిల్లలకు ఐఈపీ (వైకల్యం ఉన్న ఒక్కో బిడ్డకీ విడిగా రాసే విద్యా ప్రణాళిక) ఎలా రాయాలి, మీటింగు ఎలా పెట్టాలి అని అడిగారు. మన సరిహద్దు బడుల్లో చిక్కంతా మీటింగు కంటే ముందే, పిల్లవాణ్ణి అంచనా వేసేటప్పుడే మొదలవుతుంది. ఒడియాలో అడిగితే జవాబు రాలేదని మేధో వైకల్యం అని రాసేస్తుంటారు. అది ఆ బిడ్డకి జరిగే అన్యాయం. అదే ప్రశ్న తెలుగులో అడగండి, తర్వాత బొమ్మ పెట్టి అడగండి, ఆ తర్వాత చేసి చూపించి అడగండి. ఏ భాషలో అడిగితే ఏం చేశాడో విడివిడిగా రాయండి. చెవి, కంటి పరీక్షల రిపోర్టులు వచ్చేదాకా తెలివితేటల గురించి ఏమీ తేల్చకండి.

వైకల్య ధ్రువపత్రం సంగతి. పాతపట్నం వైపు నుంచి వచ్చే పిల్లల దగ్గర ఆంధ్రాలో ఇచ్చిన పత్రం ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది దేశమంతా చెల్లుతుంది, ఒడిశాలో మళ్లీ తెమ్మని తల్లిదండ్రుల్ని తిప్పకండి. అసలు పత్రం చేతికి రాలేదని ఐఈపీ ఆపనే కూడదు. పేరు మాత్రం అక్షరం అక్షరం సరిచూడండి. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియా రిజిస్టరులో అది చివరికి పోతుంది. ఆధార్‌, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికిచ్చే గుర్తింపు కార్డు), బడి రిజిస్టరు, బ్యాంకు పాసుబుక్కు నాలుగూ ఒకేలా లేకపోతే రవాణా భత్యం, ఎస్కార్టు భత్యం (బిడ్డకి తోడుగా బడికి వచ్చేవారి కోసం ఇచ్చేది) దగ్గర పని ఆగిపోతుంది. యూడైస్‌లో (బడుల వివరాల ప్రభుత్వ పోర్టల్‌లో) ఎక్కించే వైకల్యం రకం కూడా పత్రంలో ఉన్నదే అవ్వాలి.

లక్ష్యాలు తక్కువ పెట్టండి, మూడు నాలుగు చాలు. "అంకెలు నేర్చుకోవాలి" అని రాస్తే మూడు నెలల తర్వాత నేర్చుకున్నాడో లేదో ఎవరూ చెప్పలేరు. "సెప్టెంబరు చివరికి, 10 పుల్లలు లెక్కపెట్టి ఇమ్మంటే, సాయం లేకుండా 10 సార్లలో 8 సార్లు సరిగ్గా ఇస్తాడు" అని రాయండి. దాని పక్కనే ఇప్పుడెంత సాయం కావాలో రాయండి: తనంతట తానే చేస్తాడా, నోటితో చెబితే చేస్తాడా, చెయ్యి పట్టి చేయించాలా. మీరు బదిలీ అయినా తర్వాత వచ్చే టీచరు అక్కడినుంచే మొదలుపెట్టగలగాలి.

మీటింగు తేదీ సంత రోజు పెట్టకండి, కోతల రోజుల్లోనూ వద్దు, కూలి పోతుందని రారు. వారం ముందు తెలుగులో చీటీ పంపి, ముందురోజు ఫోను చెయ్యండి. హెడ్‌మాస్టరు, క్లాసు టీచరు, తల్లి లేదా తండ్రి, మీరు ఉంటే చాలు. ఫిజియోథెరపిస్టు బ్లాకుకి వచ్చే రోజు కలిస్తే మరీ మంచిది. మొదట తల్లిని మాట్లాడనివ్వండి. ఇంట్లో బిడ్డ తనంతట తాను తింటాడా, బహిర్భూమికి వెళ్లాలని ఎలా చెబుతాడు, దేనికి భయపడతాడు, ఇవి ఏ చెక్‌లిస్టుకీ అందవు. క్లాసు టీచరు తన వంతు ఏం చేస్తారో, వారానికెన్నిసార్లో అప్పుడే పేరుతో సహా రాసుకోండి. ఇది రాయకపోతే ఐఈపీ మొత్తం మీ నెత్తినే మిగులుతుంది.

సంతకం విషయంలో గట్టిగా ఉండండి. ఖాళీ ఫారాల మీద ముందే వేలిముద్రలు తీసుకుని తర్వాత నింపుకునే అలవాటు చాలాచోట్ల ఉంది, దాన్ని దగ్గరికి రానివ్వకండి. ఒడియాలో రాసిన ప్రతి లక్ష్యాన్నీ తెలుగులో చదివి వినిపించాక, వాళ్లు ఒప్పుకున్నాకే సంతకం. "తెలుగులో చదివి వినిపించాం" అనే వాక్యం, చదివినవారి పేరు, తేదీ కింద ఉండాలి. ఒప్పుకోనిది ఏదైనా ఉంటే వాళ్ల మాటల్లోనే మినిట్స్‌లో రాయండి. ఒక కాపీ ఆరోజే ఇంటికివ్వండి. రెండోది తాళం ఉన్న బీరువాలో ఉండాలి. టీచర్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. మూడు నెలలకి సమీక్ష తేదీ కూడా ఆ కాగితం మీదే వేసి పంపండి.